సోదా, సాక్షి, నకలు

విశాఖ మన్యమునుండి పల్లమునకు దిగు ఘాటు రోడ్డుమీఁద బస్సు నాపి ప్రయాణికులను సోదాచేయుట నేఁడు కొత్తవింత కాదు. గంజాయి రవాణాను అరికట్టుటకు ప్రభుత్వము పట్టుదల వహించినది. అది తప్పని మేము చెప్పము. రాత్రివేళ టార్చిలైట్ల వెలుఁగులో బస్సు నిలుచును. నలుగురు పోలీసువారు ఎక్కుదురు. సంచులు విప్పింతురు, కొందఱిని క్రిందికి దింపి జేబులు వెదకుదురు, నడుము తడవుదురు. ఏమియు దొరకనిచో బస్సు కదలిపోవును. దింపఁబడినవాఁడు చొక్కా సవరించుకొని, తోడివారి చూపులు తప్పించుకొని, తన చోటఁ గూర్చుండును. ఆతఁడేమియు నడుగఁడు. ఆ బస్సులో చదువుకొనినవారుందురు, పట్టాదారులుందురు, గుమాస్తాలుందురు, ఒక్కొక్కప్పుడు వకీళ్లును ఉందురు. వారును ఏమియు నడుగరు. అడుగఁదగిన ప్రశ్నలు రెండే: ఏ కారణముచేత ఈతని దేహమును తాఁకితిరి? తాఁకినట్లు వ్రాసిన కాగితమెక్కడ?

ఈ రెండు ప్రశ్నలును వేఱువేఱు హక్కులకు సంబంధించినవని సాధారణముగా తలఁతురు. మొదటిది దేహస్వాతంత్ర్యము, రెండవది సమాచారహక్కు. మొదటిదానిని క్రిమినలు వకీళ్లకును, రెండవదానిని అర్జీలు వ్రాయు కొందఱు ఉత్సాహవంతులకును విడిచిపెట్టి మనము నిశ్చింతగా నున్నాము. మా యభిప్రాయమున ఇవి ఒకే హక్కునకు రెండు ముఖములు. స్వతంత్రరాజ్యమున పౌరుని దేహము మూయఁబడి యుండవలయును. ప్రభుత్వపు బీరువా తెఱవఁబడి యుండవలయును. దేహమును తడవవలసి వచ్చినప్పుడు ప్రభుత్వము కారణము చెప్పవలయును. బీరువాను మూయవలసి వచ్చినప్పుడును ప్రభుత్వమే కారణము చెప్పవలయును.

పరప్రభుత్వకాలమున ఇది తలక్రిందులుగా నుండెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమునాఁడు సత్యాగ్రహుల పిడికిళ్లను బలాత్కారముగా విప్పి గుప్పెఁడు ఉప్పును లాగికొనిన పోలీసు చేతులకు అడ్డులేకపోయెను. ప్రభుత్వ దస్త్రములకు మాత్రము 1923 నాఁటి అధికార రహస్యముల చట్టము కోటగోడవలె నిలిచియుండెను. ప్రజ పిడికిలికి రహస్యము లేదు. దొర మేజాబల్లకు రహస్యము కలదు. ఈ తలక్రిందులను సరిచేయుటయే స్వరాజ్యమన్న మాటకు అర్థము. 1950 నాఁటి రాజ్యాంగము దానిని కాగితముమీఁద సరిచేసినది. ఘాటు రోడ్డుమీఁద నది యింకను సరికాలేదు.

మొదట దేహమునుగూర్చి చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1898 నాఁటి క్రిమినలు ప్రొసీజరు కోడు పోయి 1973 నాఁటి కోడు వచ్చెను. అదియు పోయి 2024 జూలై 1వ తేదినుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలునందున్నది. పేర్లు మాఱినను ఈ విషయమున మూలసూత్రములు మాఱలేదు. సంహితయందలి 49వ సెక్షను ప్రకారము, అరెస్టయి జామీనుపై విడువఁబడనివానిని పోలీసు అధికారి సోదాచేయవచ్చును. ఒంటిమీఁది అవసరమైన వస్త్రములు తప్ప తక్కిన వస్తువులను తీసి భద్రపఱుపవచ్చును. కాని తీసికొనిన వస్తువులకు రసీదు ఈయవలయును. స్త్రీని సోదాచేయవలసి వచ్చినచో మఱియొక స్త్రీయే, మర్యాదకు ఏమాత్రమును లోపము రాకుండ చేయవలయును. ఈ చివరి నియమము 1898 నాఁటి కోడులోను ఉండెను; పరాయిదొర సైతము కాదనలేని నియమమది.

103వ సెక్షను ఇండ్లను, స్థలములను సోదాచేయుటనుగూర్చి చెప్పును. వెదకుచున్న వస్తువును అచ్చటివాఁడెవఁడైన ఒంటియందు దాఁచినాఁడని సహేతుకమైన అనుమానమున్నప్పుడు ఆతనినిగూడ సోదాచేయవచ్చును. అట్లు చేసినప్పుడు దొరికిన వస్తువుల జాబితా వ్రాసి, దాని నకలు ఆతనికే ఈయవలయును. 105వ సెక్షను క్రొత్తది: సోదాను, జాబితా వ్రాయుటను, సాక్షులు సంతకములు చేయుటను గూడ వీడియో తీసి, ఆలస్యములేక మేజిస్ట్రేటునకుఁ బంపవలయునని శాసించినది. పోలీసు అధికారి వారంటు లేకుండ తన నిర్ణయముచేతనే స్థలమును సోదాచేసిన పక్షమున, 185వ సెక్షను ప్రకారము ముందుగా కారణములను వ్రాయవలయును. ఆ వ్రాఁత నకలు 48 గంటలలో మేజిస్ట్రేటునకుఁ జేరవలయును. ఇంటివాఁడు కోరినచో మేజిస్ట్రేటు దానిని ఉచితముగా ఈయవలయును.

పాఠకులు గమనింపవలసిన దొక్కటి. ఈ సెక్షనులన్నిటియందును ప్రతి అధికారమువెనుక నొక కాగితము నడచుచున్నది. రసీదు, జాబితా, కారణముల వ్రాఁత, వీడియో, నకలు. చట్టము పోలీసువాని చేతికి బలమిచ్చినది. ఆ చేతితోనే కలమును గూడ పట్టించినది. బలమును మాత్రము వాడి కలమును మఱచువాఁడు సగము చట్టమునే అమలుపఱచుచున్నాఁడు.

ఘాటు రోడ్డుమీఁది సోదాకు వర్తించునది 1985 నాఁటి మాదకద్రవ్యముల చట్టము. అందు శిక్షలు కఠినము; జామీను దుర్లభము. శిక్ష యెంత కఠినమో రక్షణయు నంత దృఢముగా నుండవలయునని తలఁచి శాసనకర్తలు 50వ సెక్షనును చేర్చిరి. ఒంటిపై సోదాచేయుటకు ముందు, గెజిటెడ్ అధికారియొద్దకో మేజిస్ట్రేటునొద్దకో తన్ను తీసికొనిపొమ్మని కోరు హక్కు ఆ మనుష్యునకుఁ గలదు. ఆ హక్కు నీకున్నదని ఆతనికి ముందుగాఁ జెప్పుట అధికారి విధియని 1999లో బల్‌దేవ్ సింగు కేసున సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. చెప్పకుండ చేసిన సోదాలో దొరికిన వస్తువుమీఁదనే ఆధారపడిన శిక్ష నిలువదని చెప్పినది. ఇంచుమించుగాఁ జెప్పితిమి చాలునన్న వాదము చెల్లదని 2010లో జడేజా కేసున మఱియొక రాజ్యాంగ ధర్మాసనము స్పష్టపఱచినది. ఐతే ఈ రక్షణ దేహమునకే. చేతిసంచికి వర్తింపదని 2005లో పవన్ కుమార్ కేసున ఆ న్యాయస్థానమే చెప్పియున్నది. మనుష్యుని విడిచిపెట్టినచో సరకు జాఱిపోవునన్న నమ్మకమునకు కారణమున్నప్పుడు అధికారి తానే సోదాచేయుటకు 2001 సవరణ అవకాశమిచ్చినది. కాని ఆ కారణమును వ్రాసి 72 గంటలలో పై అధికారికిఁ బంపవలయును. ఇచ్చటను కాగితమే. అనవసరముగా, వేధింపుగా ఒకనిని నిర్బంధించిన, సోదాచేసిన, అరెస్టుచేసిన అధికారికి ఆఱు నెలలదాఁక ఖైదుగాని, వేయి రూపాయలదాఁక జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని ఆ చట్టమే 58వ సెక్షనులో చెప్పుచున్నది. ఈ సెక్షను పేరు వినిన ప్రయాణికులెందఱు?

పోలీసు స్టేషను లోపలికిఁ బోయినపిమ్మట దేహమును కాపాడు కాగితములు వేఱు. 1996లో డి. కె. బసు కేసున సుప్రీంకోర్టు విధించిన నియమముల ప్రకారము, అరెస్టుపత్రమునకు కుటుంబమువాఁడొకఁడుగాని ఆ ప్రాంతపు పెద్దమనిషి యొకఁడుగాని సాక్షిగా నుండవలయును. అరెస్టయినవాఁడు కోరినచో ఆ వేళనే ఆతని ఒంటిమీఁది చిన్న గాయములను పెద్ద గాయములను వ్రాసి, ఆతఁడును అధికారియు సంతకముచేసి, నకలు ఆతనికీయవలయును. సంహితయందలి 53వ సెక్షను ప్రకారము అరెస్టయినవానిని వైద్యాధికారి పరీక్షించి, నివేదిక నకలు ఆతనికిఁగాని ఆతఁడు చెప్పినవానికిఁగాని ఈయవలయును. అరెస్టునకు కారణములను ఆతనికిఁ దెలిసిన భాషలో వ్రాసి యీయవలయునని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని నేరములకును వర్తింపఁజేసినది. తెలుఁగువానికి తెలుఁగులోనే కాగితమన్నమాట.

నేఁటి మనుష్యుని జేబులో మఱియొక దేహమున్నది, అది సెల్‌ఫోను. అందు ఆతని ఉత్తరములు, లెక్కలు, భార్యాబిడ్డల చిత్రములు, వైద్యుని చీటీలు, రాజకీయాభిప్రాయములు నున్నవి. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధులలో పోలీసువారు యువకులను ఆపి, గంజాయి మాటకొఱకు వారి ఫోనులయందలి సంభాషణలను వెదకుచుండిన దృశ్యములు ఊరంతయు చూచినది. ఆ పిల్లలు నిందితులు కారు, త్రోవఁ బోవువారు. వ్యక్తి ఆంతరంగికత ప్రాథమికహక్కని 2017లో తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా పుట్టస్వామి కేసున తీర్పు చెప్పియున్నది. అందు జొఱబడవలెనన్నచో చట్టముండవలయును, న్యాయమైన ప్రయోజనముండవలయును, ప్రయోజనమునకు మించని పరిమితి యుండవలయును. త్రోవలో నిలిపి ఫోను లాగికొని చదువుట ఈ మూఁడు పరీక్షలలో దేనికి నిలుచును? వాఁడు ఇచ్చినాఁడు గనుకఁ జూచితిమనుట సమాధానము కాదు. లాఠీయెదుట ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు.

ఇంతవఱకు చెప్పినది చట్టము. ఇఁక చేదునిజము నొకదానిని దాఁచకుండ చెప్పవలసియున్నది. చట్టవిరుద్ధమైన సోదాలో దొరికిన సాక్ష్యమును ఆ కారణముననే త్రోసివేయ నక్కఱలేదని 1973లో పూరన్‌మల్ కేసున సుప్రీంకోర్టు చెప్పియున్నది. మాదకద్రవ్యముల చట్టములోని 50వ సెక్షనువంటివి దీనికి మినహాయింపులు, సామాన్యసూత్రమది. కావున మన దేశమున సోదా అక్రమమైనంతమాత్రమున నిందితుఁడు బయటపడఁడు. ఆ సోదా ఎప్పుడు, ఎవరియెదుట, ఎట్లు జరిగినదో నిరూపింపఁగలిగినప్పుడే దొరికిన వస్తువుమీఁద నమ్మకము సడలును. వేధించిన అధికారిమీఁద చర్యయు సాధ్యమగును. నిరూపణమునకు కావలసినవి రెండు: నిజము చెప్పు సాక్షి, నిజము వ్రాసిన కాగితము. మొదటివాఁ డెవరో చెప్పుదము. అతఁడు మా పాఠకుఁడే.

స్థలమును సోదాచేయునప్పుడు ఆ ప్రాంతమునకుఁ జెందిన, పక్షపాతములేని, గౌరవనీయులైన ఇద్దఱిని లేదా అంతకు మించినవారిని పిలిచి వారియెదుట చేయవలయునని 103వ సెక్షను చెప్పుచున్నది. 1898 నాఁటి కోడులోను గౌరవనీయులైన నివాసులనియే యుండెను. పక్షపాతము లేనివారన్న మాట 1973లో చేరినది. మన ప్రాంతమున వీరిని మధ్యవర్తులందురు, కొన్నిచోట్ల పంచులందురు. వారు చేయు సంతకముల కాగితమునకు పంచనామా యని పేరు. చట్టము పిలుచుచున్న ఆ గౌరవనీయులెవరు? ఊరిలో నాలుగెకరముల భూమి, నలుగురిలో పలుకుబడి, నాలుగక్షరముల చదువు కలవారే. అనఁగా ఈ పత్రికను చదువుచున్నవారే.

వారు చేయుచున్నదేమి? సబిన్‌స్పెక్టరు కబురంపఁగానే పోయి కుర్చీలోఁ గూర్చుండి, కాఫీ త్రాగి, వ్రాసియుంచిన కాగితముమీఁద సంతకముచేసి వచ్చుచున్నారు. సోదా జరిగిన చోటు చూడలేదు. ఎవని జేబులో నేమి దొరికినదో చూడలేదు. ఒక్కొక్కప్పుడు కాగితమున పైభాగము ఖాళీగానే యుండును. అధికారితో మొగమాటము, రేపు మనకును పని పడునేమోయన్న ముందుచూపు. ఆ సంతకము నాధారముగాఁ జేసికొని ఏండ్లతరబడి చెఱలో నుండువాఁడు సాధారణముగా కూలివాఁడు, గిరిజనుఁడు, దిక్కులేనివాఁడు. కోర్టులో బోనెక్కి, నాకు జ్ఞాపకము లేదని యీ పెద్దమనిషి చెప్పునప్పటికి వాని వయస్సులో కొంత కరఁగిపోయియుండును. నిజముగా నేరముచేసినవాఁడు పట్టుబడిన కేసులోను ఈ జ్ఞాపకము లేకపోవుటవలననే వాఁడు విడుదలయగుచున్నాఁడు. నిర్దోషికి చెఱ, దోషికి విడుదల: చూడని సంతకమునకు ఈ రెండు ఫలములే కాయును.

కౌరవసభలో ద్రౌపదిని ఈడ్చుకొనివచ్చిన నాఁడు ఆ సభలో ధర్మము తెలియనివారు లేరు. భీష్ముఁడుండెను, ద్రోణుఁడుండెను, కృపుఁడుండెను. నోరువిప్పి అధర్మమని చెప్పినవారు విదురుఁడును వికర్ణుఁడును. దుశ్శాసనుని చేతిని మనమందఱము నిందింతుము. కాని కథలో పెద్దల మౌనమునకున్న పాత్ర తక్కువది కాదు. పోలీసు స్టేషనులో మధ్యవర్తిగాఁ గూర్చుండు ప్రతి గృహస్థుఁడును ఆ సభలో నొక ఆసనమున నున్నాఁడని జ్ఞాపకముంచుకొనవలయును. వ్రాఁతమూలకమైన ఉత్తర్వుతో పిలిచినప్పుడు తగిన కారణములేక పోకుండుట నేరము. ఆ పిలుపును మన్నింపుఁడు. కాని చూడనిదానిని చూచితినని సంతకముచేయుమని ఏ చట్టమును చెప్పదు. చూడుఁడు, చదువుఁడు, ఖాళీలను గీఁతగీసి మూయింపుఁడు, తప్పున్నచో ఆ తప్పును అక్కడనే వ్రాయుఁడు, తరువాత సంతకము చేయుఁడు.

ఇఁక కాగితముమాట. రైతునకు కాగితము విలువ వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. పట్టాను, అడంగలు నకలును, పన్ను రసీదును ఇనుపపెట్టెలో దాఁచుకొనువాఁడు. నోటు వ్రాయించుకొనక నూఱు రూపాయలు అప్పీయనివాఁడు. అట్టివాఁడు తన కుమారుని ఒంటిని పోలీసువారు తడవి, జేబులోని సొమ్మును ఫోనును తీసికొని, మఱునాఁడు విడిచిపెట్టినచో, విడిచిపెట్టిరి గదా యని దేవునికి కొబ్బరికాయ కొట్టుచున్నాఁడు, రసీదు అడుగుటలేదు. సెంటు భూమికున్న కాగితము కడుపునఁ బుట్టినవాని దేహమునకు లేకపోవలయునా?

అడిగినను ఈయనప్పుడు ఉపాయమున్నది. అదే సమాచారహక్కు చట్టము. ప్రభుత్వ కార్యములను తెలిసికొను హక్కు ప్రజలకుఁ గలదని 1975లో రాజ్‌నారాయణ్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. ఆ మాటను ఉద్యమముగా మార్చినవారు రాజస్థానపు పల్లెలలోని కూలివారు. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌వారు పనుల మస్టరురోలులను, బిల్లులను బహిరంగసభలలో చదివించి, పనిచేయనివారి పేర కూలి వ్రాసిన దొంగలెక్కలను బయటపెట్టిరి. లెక్క చూపుమని కూలివాఁడు అడిగిన ప్రశ్ననుండియే 2005 నాఁటి చట్టము పుట్టినది. ఆ యేఁటి అక్టోబరు 12వ తేదినుండి అది పూర్తిగా అమలులోనికి వచ్చినది.

దాని పద్ధతి తేలిక. తెల్లకాగితముమీఁద అర్జీ వ్రాయవచ్చును. ఎందుకు కావలయునో చెప్పనక్కఱలేదు. ఆంధ్రప్రదేశమున 2005 నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయములలో రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు. పైస్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుమే లేదు. 30 దినములలో సమాధానమీయవలయును. మనుష్యుని ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించినదైనచో 48 గంటలలో ఈయవలయును. నిర్బంధములో నున్నవానిని గూర్చిన ప్రశ్నకు ఈ 48 గంటల నియమముకంటె తగినది లేదు. గడువు దాఁటిన సమాచారము ఉచితము. తగిన కారణములేక ఆలస్యముచేసిన అధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయలదాఁక జరిమానా. నిరాకరించిన పక్షమున 30 దినములలో పై అధికారికి మొదటి అప్పీలు. అటుపిమ్మట 90 దినములలో సమాచార కమిషనునకు రెండవ అప్పీలు.

పోలీసువారిని ఏమడుగవచ్చును? ఫలానా తేదిని ఫలానా చోట జరిగిన సోదానుగూర్చి జనరల్ డైరీలో వ్రాసినదేమి? వీడియోను ఏ తేదిని ఏ మేజిస్ట్రేటునకుఁ బంపితిరి? సోదాకు స్త్రీ పోలీసు ఉండెనా, ఉన్నచో ఆమె ఏ ఉద్యోగస్థురాలు? గడచిన సంవత్సరమున ఈ స్టేషను పరిధిలో ఎన్ని సోదాలు జరిగినవి, ఎన్నిటియందు వస్తువు దొరికినది? ఈ చివరి ప్రశ్న ముఖ్యము. వందమందిని తడవి ఒక్కనియొద్ద దొరికినచో, మిగిలిన తొంబదితొమ్మండ్ర అవమానమునకును లెక్క యుండవలయును.

దర్యాప్తు జరుగుచున్నది, ఈయమని స్టేషనువారు చెప్పుదురు. 8వ సెక్షనులో అట్టి మినహాయింపు కలదు, నిజమే. కాని సమాచారమీయుటవలన దర్యాప్తునకు ఆటంకము కలుగవలయును. దర్యాప్తు జరుగుచుండుటయే ఆటంకమనుట చాలదని 2007లో ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసున తీర్పు చెప్పినది. ఈయఁగూడని భాగమును కప్పి మిగిలినదానిని ఈయవలయునని 10వ సెక్షను చెప్పుచున్నది. మినహాయింపు పొందిన నిఘాసంస్థలుగూడ అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలున్నప్పుడు చట్టమును పూర్తిగా తప్పించుకొనలేవు. ప్రథమ సమాచార నివేదికలను 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులో ఉంచవలయునని 2016లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. సున్నితమైన కేసులకే మినహాయింపు.

ఇంకొక దస్త్రమున్నది, అది కాగితము కాదు. ప్రతి పోలీసు స్టేషనులోను, లాకప్పులలోను, నడవలలోను సీసీటీవీ కెమెరాలుండవలయునని, వాని దృశ్యములను 18 నెలలు, యంత్రశక్తి చాలనిచో కనీసము ఒక సంవత్సరము భద్రపఱుపవలయునని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసున సుప్రీంకోర్టు శాసించినది. కెమెరాలు పనిచేయుటలేదన్న వార్తలను చూచి 2025 సెప్టెంబరులో ఆ న్యాయస్థానమే స్వయముగా కేసు చేపట్టవలసివచ్చినది. పనిచేయు కెమెరా దృశ్యమైనను గడువు తీఱఁగానే చెఱిగిపోవును. కావున అర్జీ వెంటనే పడవలయును. ఇచ్చటనే మఱియొక హెచ్చరిక: వీడియో తీయుట సోదాకు సాక్ష్యముకొఱకు, మనుష్యుని మానమును మఱియొకమాఱు హరించుటకుఁ గాదు. సోదా దృశ్యములు ఊరూర ఫోనులలో వినోదముగాఁ దిరుగుట మొదటి అవమానముకంటె ఘోరమైనది.

ఇంత మంచి చట్టము నేఁడు క్రమముగా పలుచఁబడుచున్నదని చెప్పుటకు విచారించుచున్నాము. 2019 సవరణ సమాచార కమిషనర్ల పదవీకాలమును, జీతమును కేంద్రప్రభుత్వము చేతిలోఁ బెట్టినది. ఐదేండ్ల పదవి మూఁడేండ్లయినది. తెలంగాణమున 2023 ఫిబ్రవరినుండి 2025 మేదాఁక కమిషనులో కమిషనర్లే లేకపోయిరి. రెండేండ్లకు మించి అప్పీలు వినువాఁడు లేనప్పుడు 30 దినముల గడువునకు ఎవఁడు వెఱచును? వ్యక్తిగత సమాచార రక్షణకని చేసిన 2023 నాఁటి చట్టముద్వారా 8వ సెక్షనులోని ఒక భాగమును మార్చిరి. ఆ మార్పు 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. పూర్వము ప్రజాకార్యముతో సంబంధములేని వ్యక్తిగత విషయములనే నిరాకరింపవచ్చును. ఇప్పుడు వ్యక్తిగతమన్న ఒక్కమాటతో త్రోసిపుచ్చుటకు వీలు కలిగినది. ప్రజాప్రయోజనము హెచ్చుగానున్నచో ఈయవచ్చునన్న ఉపవిధి మిగిలియున్నది. అర్జీదారులు దానినే గట్టిగా పట్టుకొనవలయును. సోదాచేసిన అధికారి పేరు ఆతని ఆంతరంగికత యట! సోదాచేయఁబడినవాని ఫోను మాత్రము నడివీధిలోఁ జదువఁదగినదట! మొదట మేము చెప్పిన తలక్రిందులు ఈ మార్గమున మరల వచ్చుచున్నవి.

ఇన్ని నియమములతో పోలీసువారి చేతులు కట్టివేసినచో దొంగలు, గంజాయి వర్తకులు తప్పించుకొనరా యని కొందఱు పెద్దలు ప్రశ్నింతురు. కట్టుమని మేము కోరలేదు, వ్రాయుమని కోరుచున్నాము. సరిగా వ్రాసిన సోదా కోర్టులో నిలుచును. నిజమైన దొంగకు శిక్ష పడును. 50వ సెక్షనును మఱచిన తొందరవలన నిందితులను విడిచిపెట్టవలసివచ్చిన కేసులు తీర్పుల సంపుటములలో కోకొల్లలు. కావున నియమమును పాటించుట నేరస్థునకు ఉపకారము కాదు. మంచి పోలీసు అధికారికి కవచము. రాత్రింబవళ్లు ఎండవానలలో నిలిచి పనిచేయు కానిస్టేబులుపై మాకు ద్వేషములేదు. పై అధికారి, ఎన్ని సోదాలు చేసితివని అడుగుచున్నాఁడే కాని, ఎన్ని రసీదులిచ్చితివని అడుగుటలేదు. అడిగిననాఁడు కానిస్టేబులే మాఱును. అడుగనంతకాలము కంచె చేను మేయుచునే యుండును.

మేము కోరునది కష్టసాధ్యమైనది కాదు. ఒకప్పుడు మన ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము పల్లెపల్లెకు అక్షరమును మోసికొనిపోయెను. ఆ గ్రంథాలయముల గోడమీఁద నొక కాగితము నంటింపుఁడు: సోదాచేయువాఁడు చెప్పవలసిన కారణము, ఈయవలసిన రసీదు, స్త్రీని తాఁకఁదగిన చేయి స్త్రీదేయన్న నియమము, అర్జీ వ్రాయు విధము. ప్రతి పట్టణపు వకీళ్లసంఘమువారు నెలకొక దినము చదువురానివారికి అర్జీలు వ్రాసిపెట్టవచ్చును. రెండు రాష్ట్రముల ప్రభుత్వములును ప్రతి స్టేషనులో జరిగిన సోదాల సంఖ్యను, వాని ఫలితమును ఎవరును అడుగకుండనే నెలనెలకు ప్రకటింపవచ్చును. అడుగక మునుపే ప్రకటింపుమని సమాచారచట్టపు 4వ సెక్షను చెప్పుచునేయున్నది.

అంతకు ముందు పాఠకుఁడు తానొక్కఁడు చేయఁగల పని యున్నది. రేపు బస్సు ఆగును. పోలీసువారు ఒకనిని దింపుదురు. వాఁడు మన కులమువాఁడు కాకపోవచ్చును, మన యూరివాఁడు కాకపోవచ్చును. చేయి అడ్డము పెట్టవలదు, గొంతు పెంచవలదు. క్రిందికి దిగి వానిప్రక్క నిలువుఁడు. అయ్యా, కారణమేమని యొకమాఱు అడుగుఁడు. తీసికొనినదానికి రసీదీయుఁడని యొకమాఱు అడుగుఁడు. తేదిని, వేళను, చోటును వ్రాసికొనుఁడు. మఱునాఁడు పది రూపాయలతో ఒక అర్జీ పంపుఁడు. అడుగువాఁ డొక్కఁడున్నచోట సోదాచేయు చేయి తన హద్దును తానే జ్ఞాపకముచేసికొనును.